అర్రే తోక కత్తిరించడం ఎలా? పీహెచ్‌పీలో పాప్, స్లైస్, స్ప్లైస్, అన్‌సెట్

బిల్లు ఒక అర్రే, అంటే విలువలను గదుల్లో పెట్టుకునే జాబితా. అందులో మూడు వరుసలు. మూడోది తప్పు, దాన్ని తీసేసి సరైనది పెట్టాలి. కోడ్‌లో రెండే లైన్ల పని: మొదట అన్‌సెట్($బిల్లు[2]), వెంటనే $బిల్లు[] = $కొత్తది. ప్రింట్ చేసి చూసుకున్నాను. మూడు వరుసలూ ఉన్నాయి, మొత్తం సరిపోయింది. సర్వర్‌కు ఎక్కించి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మొబైల్ యాప్ రాసే సహోద్యోగి నా కుర్చీ దగ్గరే నిలబడి ఉన్నాడు. "లిస్టు పంపుతానన్నారు కదండీ, ఇప్పుడు ఇంకేదో వస్తోంది. బిల్లు తెరిస్తే చాలు, యాప్ మూసుకుపోతోంది."

వెళ్తున్న జేసన్ (ప్రోగ్రాములు డేటా పంపుకునే టెక్స్టు రూపం) తెరిచి చూస్తే స్క్వేర్ బ్రాకెట్లు ఉండాల్సిన చోట ఫ్లవర్ బ్రాకెట్లు. లోపల కీలు, అంటే గదుల గుర్తులు, 0, 1, 3. 2 అన్న కీ మాయం. అన్‌సెట్ ఆ గదిని ఖాళీ చేసింది గానీ, "తర్వాత ఇవ్వాల్సిన నంబరు 3" అని పీహెచ్‌పీ లోపల పెట్టుకున్న లెక్కను వెనక్కి తిప్పలేదు. ఆస్పత్రిలో చీటీ తీసుకున్నవాడు వెళ్లిపోయినంత మాత్రాన టోకెన్ నంబరు వెనక్కి రాదు కదా, అలాగే. కీలు సున్నా నుంచి తెగకుండా వరుసగా ఉంటేనే జేసన్_ఎన్‌కోడ్ దాన్ని లిస్టుగా రాస్తుంది. ఒక్క నంబరు తప్పినా ఫ్లవర్ బ్రాకెట్ల ఆబ్జెక్టుగా మార్చేస్తుంది. అదే పని అర్రే_పాప్‌తో చేసి ఉంటే లోపలి లెక్క 2కి దిగేది, కొత్త వరుస 2లోనే కూర్చునేది, నా భోజనం అరిగేది.

చివరిది తీసేయడానికి పీహెచ్‌పీలో నాలుగైదు దారులున్నాయి. ప్రింట్ చేసి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా తర్వాతి లైన్లో బయటపడుతుంది. అందుకే ఏది వాడాలో తేల్చుకునే ముందు తీసేదాని గురించి కంటే, తీశాక మిగిలే అర్రేను ఎవరు, ఎలా చదువుతారో చూడాలన్నది నా అభిప్రాయం. తీసిన విలువ చేతికి కావాలా, పాత అర్రే చెదరకుండా ఉండాలా, కీలకు అర్థం ఉందా అన్న సంగతులు కూడా దాని వెంటే తేలతాయి.

తీసినది చేతికి కావాలంటే అర్రే_పాప్

ఎటూ తేలకపోతే అర్రే_పాప్ వాడండి. అది చివరి విలువను తీసి మీకు తిరిగిస్తుంది, అసలు అర్రేను అక్కడికక్కడే కురచ చేస్తుంది, మిగిలిన కీల జోలికి పోదు. అర్రే ఎంత పెద్దదైనా దానికి పట్టే సమయం దాదాపు ఒకటే.

దీనికి అచ్చంగా సరిపోయే సందర్భం పేజీల విభజన. పేజీకి 20 వరుసలు చూపాలి, కింద "తర్వాతి పేజీ" లింకు ఉండాలా వద్దా తెలియాలి. దానికోసం డేటాబేస్‌ను మొత్తం ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టమని అడగనక్కర్లేదు. డేటాబేస్‌ను అడిగేటప్పుడు లిమిట్ 21 పెట్టి తెప్పించండి. 21 వచ్చాయంటే తర్వాతి పేజీ ఉన్నట్టే. అప్పుడు పాప్ చేసి ఆ అదనపు వరుసను పక్కన పెట్టండి. 21 కంటే తక్కువ వస్తే ఏమీ తీయకండి. ఈ "అప్పుడు మాత్రమే" అన్న షరతు మరచిపోయి ప్రతిసారీ పాప్ చేసిన కోడ్ నేను చూశాను. చివరి పేజీలో ఆఖరి వరుస ఎవరికీ ఎప్పటికీ కనిపించదు. ఫిర్యాదు కూడా రాదు, ఎందుకంటే లేనిదాన్ని ఎవరు వెతుకుతారు? లారావెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్)లోని సింపుల్‌పేజినేట్ లోపల చేసేది కూడా ఒకటి ఎక్కువ తెప్పించడమే. కాకపోతే అది పాప్ చేయదు, మొదటి ఇరవై కోసి ఉంచుకుంటుంది. ఎన్ని తీయాలో కాక ఎన్ని ఉంచాలో చెప్పడం అన్నమాట. ఆ పద్ధతిలో షరతు మరచిపోయే ప్రమాదమే లేదు. తీసిన వరుసతో పనిలేనప్పుడు నేనూ అలాగే చేస్తాను.

పాప్‌తో జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఖాళీ అర్రే ఇస్తే అది ఎర్రర్ ఇవ్వదు, నల్ (విలువ లేదనే గుర్తు) ఇస్తుంది. అర్రేలో చివరి విలువే నల్ అయినా నల్ ఇస్తుంది. రెండింటికీ తేడా తెలియదు. దీనికంటే ఎక్కువ దెబ్బతీసేది లూప్ షరతులో పాప్ పెట్టడం: వైల్ ($పని = అర్రే_పాప్($పనులు)) అని రాస్తే చూడముచ్చటగా ఉంటుంది గానీ, మధ్యలో 0 గానీ ఖాళీ స్ట్రింగ్ గానీ తగిలిందంటే షరతు తప్పినట్టు లెక్కై లూప్ అక్కడే ఆగిపోతుంది. మిగిలిన పనులు అర్రేలోనే పడి ఉంటాయి. షరతులో అర్రే ఖాళీ అయిందా అన్న ప్రశ్న మాత్రమే ఉంచి, పాప్ లూప్ లోపల చేయండి.

రెండోది, పాప్‌కు అసలు వేరియబుల్ కావాలి, ఎందుకంటే అది రిఫరెన్సుగా, అంటే నకలు కాకుండా అసలు అర్రేనే, తీసుకుంటుంది. అర్రే_పాప్(ఎక్స్‌ప్లోడ్('.', $ఫైలుపేరు)) అని ఒకే లైన్లో రాస్తే (ఎక్స్‌ప్లోడ్ స్ట్రింగును ముక్కలు చేసి అర్రేగా ఇస్తుంది) జవాబు వస్తుంది, దానితోపాటు ఒక నోటీసూ వస్తుంది, లాగ్ ఫైలు వాటితో నిండిపోతుంది. ఎక్స్‌ప్లోడ్ ఫలితాన్ని ముందు ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి. ఫైలు ఎక్స్‌టెన్షన్ కోసమే అయితే ఈ తంటా అక్కర్లేదు, పాత్‌ఇన్ఫో ఉంది.

మూడోది వెర్షన్ సంగతి. అర్రే అనుకున్న చోట నల్ వచ్చిందనుకోండి, పీహెచ్‌పీ 7 వరకు పాప్ ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకునేది. 8 నుంచి టైప్‌ఎర్రర్‌తో పేజీ ఆగిపోతుంది. పాత ప్రాజెక్టును 8కి మార్చేవాళ్లు పాప్ ఉన్న చోట్లన్నీ ఒకసారి వెతికి చూసుకోవడం మంచిది.

ఇంకొక గందరగోళం తరచూ ఎదురవుతుంది. ఫంక్షన్‌కు అర్రే పంపి, లోపల పాప్ చేసి, బయట మారలేదేమని అడుగుతారు. పీహెచ్‌పీలో అర్రే విలువగానే వెళుతుంది. లోపల మార్చిన క్షణాన దానికి సొంత నకలు తయారవుతుంది, బయటిది అలాగే ఉంటుంది. అర్రేను లోపల పెట్టుకునే లారావెల్ కలెక్షన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది ఆబ్జెక్టు కాబట్టి ఫంక్షన్ లోపల పాప్ అంటే బయటి కలెక్షన్ కూడా కురచవుతుంది. రెండూ ఒకే ఫైల్లో కలిపి వాడేవాళ్లకు ఇది గుర్తుండాలి.

పాతది చెదరకూడదంటే అర్రే_స్లైస్

అర్రే_స్లైస్($మార్కులు, 0, -1) అంటే మొదటి నుంచి మొదలుపెట్టి చివరిది ఒకటి వదిలేసి మిగతాదంతా కొత్త అర్రేగా ఇవ్వమని. పాత అర్రే మీద గీత కూడా పడదు. పేజీ పైన "హోమ్, పుస్తకాలు, కథలు" అని దారి చూపే వరుస తయారు చేసేటప్పుడు నేను దీన్నే వాడతాను: చివరిదానికి లింకు ఉండదు, మిగిలినవాటికి ఉంటుంది, మొత్తం జాబితా మళ్లీ పేజీ శీర్షికలోనూ కావాలి. పాప్ చేస్తే శీర్షికలో చివరి మాట పోతుంది.

దీనికి ఒక చెడ్డ అలవాటు ఉంది. స్ట్రింగ్ కీలను కాపాడుతుంది గానీ నంబరు కీలను మళ్లీ సున్నా నుంచి వేసేస్తుంది. హాల్ టికెట్ నంబరు కీగా, మార్కులు విలువగా ఉన్న అర్రే తీసుకోండి: 4101కి 78, 4107కి 64, 4112కి 91. స్లైస్ చేశాక 78, 64 మిగులుతాయి, కానీ వాటి కీలు 0, 1. మార్కులున్నాయి, పిల్లలు పోయారు. నాలుగో ఆర్గ్యుమెంటుగా ట్రూ ఇస్తే కీలు నిలుస్తాయి. ఇక్కడా లారావెల్ ఎదురు దారే పట్టింది: కలెక్షన్‌లోని స్లైస్ ఏమీ చెప్పకపోయినా కీలను ఉంచుతుంది, కొత్త నంబర్లు కావాలంటే దాని మీద వాల్యూస్ పిలవాలి. ఏది మంచిదంటే కలెక్షన్ పద్ధతే మంచిది. అడగకుండా కీలు మార్చడం ఎవరికీ మేలు చేయదు.

సున్నా గొయ్యి

స్లైస్ గురించి ఈ ఒక్క సంగతి తెలిసినా చాలు. బ్యాంకు స్టేట్‌మెంట్ సీఎస్‌వీ ఫైళ్లు (విలువలను కామాలతో వేరుచేసిన వరుసలు) చదివే ప్రోగ్రాం అనుకోండి. కొన్ని ఫైళ్ల చివర మొత్తం చూపే వరుస ఒకటి ఉంటుంది. కొన్నింటిలో దానికింద మరో గమనిక ఉంటుంది, కొన్నింటిలో ఏమీ ఉండదు. అందుకని చివర ఎన్ని వదిలేయాలో సెట్టింగులో పెట్టి, అర్రే_స్లైస్($వరుసలు, 0, -$వదిలేవి) అని రాస్తాం. 2 పెడితే రెండు పోతాయి, 1 పెడితే ఒకటి పోతుంది. 0 పెడితే?

అన్నీ పోతాయి. మైనస్ సున్నా అంటే సున్నాయే. పొడవు సున్నా అని అడిగితే స్లైస్ వినయంగా ఖాళీ అర్రే ఇస్తుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. "0 లావాదేవీలు చేరాయి, విజయవంతం" అని తెరమీద ఆకుపచ్చ అక్షరాలు.

దీన్ని సరిచేయడానికి చాలామంది పొడవును కౌంట్($వరుసలు) - $వదిలేవి అని లెక్కగడతారు. సున్నా గొయ్యి దాటతాం గానీ ఇంకో దాంట్లో పడతాం. మూడు వరుసలున్న ఫైలుకు 5 వదిలేయమంటే పొడవు -2 అవుతుంది. అంటే చివరి రెండు వదిలేయమని అర్థం! ఏమీ మిగలకూడని చోట మొదటి వరుస మిగిలిపోతుంది. అందుకే మాక్స్(0, కౌంట్($వరుసలు) - $వదిలేవి) అని రాసుకోవాలి. లేదా సున్నా అయితే స్లైస్ పిలవకుండానే దాటిపోవాలి; చదివేవాడికి ఇదే తేలిగ్గా అర్థమవుతుంది.

అర్రే_స్ప్లైస్

చివరి కొన్నింటిని ఒకేసారి తీసి, వాటిని విడిగా చేతిలో పెట్టుకుని, అసలు అర్రేను కురచ చేయాలంటే స్ప్లైస్. అర్రే_స్ప్లైస్($వరుస, -3) అంటే చివరి మూడూ తిరిగొస్తాయి, $వరుసలో మిగిలినవి ఉంటాయి. మూడుసార్లు పాప్ చేస్తే తీసినవి తిరగబడి వస్తాయి, ఇది ఉన్న క్రమంలోనే ఇస్తుంది. అంతవరకు మంచిదే. కానీ నంబరు కీలను కొత్తగా వేస్తుంది, వద్దని చెప్పే వీలు లేదు. సున్నా గొయ్యి దీనిలో ఇంకా లోతు: అర్రే_స్ప్లైస్($వరుస, -0) అంటే సున్నా నుంచి అన్నీ తీసేయమని. స్లైస్‌లో కనీసం పాతది మిగిలి ఉంటుంది, ఇక్కడ అదీ ఉండదు.

అన్‌సెట్ ఎప్పుడు

మొదట చెప్పిన కథ తర్వాత నాకు అన్‌సెట్ మీద కోపం ఉందని అనుకోవచ్చు. కోపం దానిమీద కాదు, అన్‌సెట్($వరుస[కౌంట్($వరుస) - 1]) అన్న వాక్యం మీద. ఇది ఇంటర్వ్యూల్లో కూడా వినిపిస్తుంది. కీలు సున్నా నుంచి వరుసగా ఉంటేనే నిజం. ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న అర్రేను అర్రే_ఫిల్టర్‌కు ఇచ్చి సరిసంఖ్యలు మాత్రమే ఉంచండి. మిగిలేవి రెండు: కీ 1లో 2, కీ 3లో 4. కౌంట్ రెండు, అందులోంచి ఒకటి తీస్తే ఒకటి. కాబట్టి అన్‌సెట్ అయ్యేది కీ 1, అంటే 2. చివరిది తీయమంటే మొదటిది తీసింది! ఇంకో సందర్భంలో అయితే ఆ నంబరు కీయే ఉండదు, అన్‌సెట్ నోరెత్తకుండా ఏమీ చేయకుండా పోతుంది.

కీ పేరుతో అడగాలంటే అర్రే_కీ_లాస్ట్ ఉంది, 2018 డిసెంబరులో పీహెచ్‌పీ 7.3తో వచ్చింది. అన్‌సెట్($వరుస[అర్రే_కీ_లాస్ట్($వరుస)]) అంటే కీలు ఎలా ఉన్నా చివరిదే పోతుంది. హాల్ టికెట్ల లాంటి అర్థమున్న కీలు ఉన్నప్పుడు, పోయే విలువతో పాటు దాని కీ ఏమిటో కూడా తెలుసుకోవాలనుకున్నప్పుడు ఇది పాప్ కంటే మేలు. పాప్ విలువ ఇస్తుంది గానీ అది ఏ కీ కింద ఉండేదో చెప్పదు. 7.3 కంటే పాత సర్వర్ మీద ఇరుక్కుంటే ముందు ఎండ్ పిలిచి ఆ తర్వాత కీ అడగాలి. అక్కడ అర్రే లోపలి గుర్తు (ఇప్పుడు ఏ గది దగ్గర ఉందో చూపేది) చివరికి జరుగుతుందని గమనించుకోండి.

వేరియబుల్ పేర్లు తెలుగులో రాసినా పీహెచ్‌పీ ఒప్పుకుంటుంది, $బిల్లు నిజంగానే పనిచేస్తుంది. ఉద్యోగంలో మాత్రం ఆ సరదా వద్దు.

తీశాక అదే అర్రే చివర కొత్తవి చేర్చి జేసన్‌గా పంపేది ఉంటే అన్‌సెట్ దగ్గరకు పోకండి. తప్పనిసరైతే పంపే ముందు కీలను మళ్లీ సున్నా నుంచి వేసే అర్రే_వాల్యూస్ వాడండి. 2021 నవంబరులో వచ్చిన 8.1 నుంచి అర్రే_ఈజ్_లిస్ట్ అనే ఫంక్షన్ ఉంది. కీలు తెగకుండా ఉన్నాయా లేదా ఒక్క మాటలో చెబుతుంది. మా ఏపీఐ (యాప్‌కు డేటా ఇచ్చే భాగం) టెస్టుల్లో ఇప్పుడు బిల్లు దాని గుండానే వెళుతుంది.

అసలు ఆ తోక ఎందుకు వచ్చింది?

చివరిది తీయాలని వెతికేవాళ్లలో చాలామందికి నిజానికి తీయాల్సిన అవసరమే ఉండదు. కొందరికి చివరి విలువ చూడాలి, అంతే. దానికి పాప్ చేసి మళ్లీ చేర్చడం ఎందుకు? $వరుస[అర్రే_కీ_లాస్ట్($వరుస)] చాలు; 2025 నవంబరులో వచ్చిన 8.5 ఉంటే అర్రే_లాస్ట్ అని నేరుగా అడగవచ్చు.

ఇంకొందరికి ఆ తోక వాళ్లే తెచ్చిపెట్టుకున్నది. "అ,ఆ,ఇ," అని చివర కామా ఉన్న స్ట్రింగును ఎక్స్‌ప్లోడ్ చేస్తే చివర ఖాళీ స్ట్రింగు ఒకటి వస్తుంది. దాన్ని పాప్ చేస్తారు. ఎక్స్‌ప్లోడ్‌కే మూడో ఆర్గ్యుమెంటుగా -1 ఇస్తే చివరి ముక్క లేకుండానే ఇస్తుందన్న సంగతి పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకూ తెలియకపోవడం నేను చూశాను. కానీ కామా తప్పకుండా చివర ఉంటుందని ఖాయమైతేనే అలా చేయాలి. లేదంటే పనికొచ్చే ముక్కే పోతుంది. లూప్‌లో ప్రతి పేరు తర్వాత కామా అతికించి ఆఖరి కామా గీకేసేవాళ్లకు, ముక్కల మధ్యలో మాత్రమే కామా పెట్టి కలిపే ఇంప్లోడ్ ఉంది. ఫైల్ ఫంక్షన్‌తో లైన్లు చదివేటప్పుడు ఖాళీ లైన్లు వద్దంటే ఫైల్_ఇగ్నోర్_న్యూ_లైన్స్, ఫైల్_స్కిప్_ఎంప్టీ_లైన్స్ రెండూ కలిపి ఇవ్వాలి. రెండోది ఒక్కటే ఇస్తే ప్రతి లైను చివరా కొత్త లైను గుర్తు మిగిలే ఉంటుంది కాబట్టి ఏ లైనూ ఖాళీగా లెక్కకు రాదు.

లక్ష వరుసలైతే

ఇరవై వరుసల పేజీలో వేగం గురించి ఆలోచించడం దండగ. పెద్ద అర్రేను చివరి నుంచి ఒక్కొక్కటిగా ఖాళీ చేసే చోట మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాప్ ఒక్క గది ముట్టుకుంటుంది. స్లైస్ ప్రతిసారీ మిగిలినదంతా కొత్త అర్రేలోకి నకలు చేస్తుంది. లక్ష విలువలను స్లైస్‌తో ఒక్కొక్కటిగా తీస్తే లూప్ పూర్తయ్యేసరికి దాదాపు 500 కోట్ల నకళ్లు. ముందు నుంచి తీసే అర్రే_షిఫ్ట్ కూడా నంబరు కీలను ప్రతిసారీ తిరిగి వేస్తుంది కాబట్టి బరువే; మొదటి నుంచి తీయక తప్పదంటే ఒకసారి అర్రే_రివర్స్ చేసి, ఆ తర్వాత పాప్ చేసుకుంటూ పోవడం తేలిక.

ఎస్‌పీఎల్‌స్టాక్ అని 5.3 నుంచి ఒక క్లాసు ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు పాప్ చేస్తే నల్ ఇవ్వకుండా రన్‌టైమ్‌ఎక్సెప్షన్ విసురుతుంది. నల్ కూడా సరైన విలువే అయిన చోట ఇది పనికొస్తుంది. మామూలు పనులకు నేను వాడను, అర్రే ఫంక్షన్లేవీ దానిమీద పనిచేయవు.

నోడ్‌లో (జావాస్క్రిప్ట్) రాసేవాళ్లకు పాప్, స్లైస్, స్ప్లైస్ పేర్లు అవే. ఖాళీ అర్రేకు పాప్ అన్‌డిఫైన్డ్ ఇస్తుంది. స్లైస్ అక్కడ కూడా పాతదాన్ని ముట్టుకోదు. లెంగ్త్‌కు చిన్న సంఖ్య ఇచ్చి తోక కోసేయడం అక్కడ అదనపు వెసులుబాటు. పైతాన్‌లో ఖాళీ లిస్టుకు పాప్ అంటే ఇండెక్స్‌ఎర్రర్. సున్నా గొయ్యి మాత్రం రెండు చోట్లా ఉంది: నోడ్‌లో స్లైస్(0, -0) రాసినా, పైతాన్ లిస్టులో [:-0] రాసినా చేతికొచ్చేది ఖాళీయే.